అవ్వ పలకని మాటలు

నా చిన్నప్పుడు ఒక వసంతకాలమంతా మా ఊరి చర్చి గంటలు వేళ తప్పకుండా మోగాయి గాని, తలుపులు మాత్రం తెరుచుకోలేదు. కరోనా రోజులవి. మీకు అవి పాఠంలో చదువుకున్న సంగతులు. నాకు మాత్రం పదేళ్ళ వయసులో ఇంట్లో బందీనైన రోజులు. జర్మనీలో ఆకెన్ అనే ఊళ్ళో, నాలుగంతస్తుల పాత ఇంట్లో మేము అద్దెకుండేవాళ్ళం. వంటింటి బల్లకు ఒక కొసన నాన్న ఆఫీసు, రెండో కొసన నా బడి. నేను ఏదడిగినా జర్మన్‌లో అడిగేదాన్ని, తెలుగులో అడిగితే తప్ప అమ్మ పలికేది కాదు. ఇవాళ ఇలా నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె మొండితనం వల్లే.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. కోపం తగ్గించుకొమ్మని డాక్టరూ చెబుతాడు, పిల్లలూ చెబుతారు. తగ్గించుకున్నాను కూడా. ఆ ఏప్రిల్ నెల గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండనిస్తాను. కొన్ని కోపాలు చల్లారితే మనిషికి నష్టమని నా నమ్మకం.

ఇంటి పైకప్పు కింద అటక గదిలో ఒక కుర్రాడు ఉండేవాడు. వరంగల్ వైపు నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చినవాడు. అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామయ్య అయ్యాడు. యూనివర్సిటీ మూసేశాక సూపర్‌మార్కెట్‌లో సరుకులు సర్దే పని చేసుకుంటూ ఉండేవాడు. దుకాణాల్లో పిండీ, టాయిలెట్ పేపరూ మాయమైపోయిన ఆ వారాల్లో, తనకు దొరికినదాంట్లో ఇంట్లో ఉన్న అందరి గుమ్మాల దగ్గరా తలా ఒక పొట్లం పెట్టి, బెల్లు కొట్టి, మెట్లెక్కి పారిపోయేవాడు. ఎవరైనా పిలిచి థాంక్స్ చెబితే సిగ్గు అతనికి.

అన్నిటికన్నా కింద ఇంకొకావిడ ఉండేది. నేను ఆమెను అవ్వా అనేదాన్ని. ఆ మాట ఆమెకు నచ్చి, తన పేరు మరిచిపొమ్మంది. ఆమె జర్మనీ మనిషి కాదు. కెనడాలో తూర్పు సముద్రం ఒడ్డున ఫ్రెంచి మాట్లాడే ఒక పల్లె ఆమెది. జర్మన్ అతన్ని పెళ్ళి చేసుకుని ఇటు వచ్చింది, ఆయన పోయాక ఇక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నాలు నాకు ఆన్‌లైన్ క్లాసు అయిపోగానే ఆమె తన గుమ్మంలో, నేను పై మెట్ల మీద కూర్చునేవాళ్ళం. మధ్యలో మెట్లన్నీ ఖాళీ. ఆమె తన ఊరి కథ చెప్పేది.

ఆమె పూర్వులను అకేడియన్లు అంటారట. సముద్రపు పోటుకు మునిగే నేలకు మట్టికట్టలు వేసి, ఉప్పు కడిగించి, గోధుమ పండించుకున్న రైతులు. రాజుల మధ్య యుద్ధాలు వచ్చాయి, వీళ్ళ నేల ఇంగ్లీషువాళ్ళ చేతుల్లోకి పోయింది. ఒకరోజు పదేళ్ళు నిండిన మగవాళ్ళందరినీ వాళ్ళ చర్చిలోకే పిలిచి, తలుపులు వేసి, ఉత్తర్వు చదివారట. నేలా పశువులూ ఇక మీవి కావు, ఓడలెక్కండి అని. పదేళ్ళనగానే నాకు కోపం ఆగలేదు. నాకూ పదేళ్ళే కదా, ఆడపిల్లల్ని ఎందుకు పిలవలేదని అడిగాను. అవ్వ నవ్వింది. ఆడవాళ్ళను ఓడ ఎక్కించారు గాని పిలిచి చెప్పడం అనవసరం అనుకున్నారులే అంది.

చెల్లాచెదురైనవాళ్ళలో కొందరు ఏళ్ళ తరబడి నడిచి వెనక్కి వచ్చారు. వచ్చి చూస్తే వాళ్ళ పొలాల్లో వేరేవాళ్ళున్నారు. రాళ్ళూ అడవీ తప్ప ఏమీ లేని ఒడ్డున మళ్ళీ మొదటి నుంచి ఊరు కట్టుకున్నారు. ఫాదరీ లేడు. ఏడాదికో రెండేళ్ళకో ఒకాయన అటు వచ్చేవాడు. అంతవరకూ ఊరు ఆగదు కదా. పిల్లలు పుడతారు, పెద్దవాళ్ళు పోతారు, కుర్రాళ్ళకు పెళ్ళిళ్ళు చేయాలి. అన్నీ ఊరి పెద్దల ముందే జరిగిపోయేవి. ఫాదరీ వచ్చినప్పుడు ఒకేసారి అందరినీ దీవించి వెళ్ళేవాడు. ఆదివారం పూజ కూడా ఒక ముసలాయనే చదివేవాడు. అన్నీ చదువుతాడు గాని, రొట్టెను ప్రభువు శరీరంగా మార్చే మాటలు ఫాదరీ తప్ప ఎవరూ పలకకూడదు. అక్కడికి రాగానే ఆయన పుస్తకం మూసి ఊరుకునేవాడట. ఊరంతా ఊరుకునేది. ఆ మాటలకు పట్టేంత సేపు ఆగి, తర్వాతి ప్రార్థన మొదలుపెట్టేవారు.

చర్చిలు మూతపడ్డ ఆ వసంతంలో అవ్వ మా ఇంటి పెరట్లో అదే పూజ మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున మొదటి అంతస్తు పెద్దాయన ఆమెకు కుర్చీ తెచ్చి వేసేవాడు. ఆయన రిటైరైన మనిషి. ఇంటి నియమాలు ఆయన చేతిలో ఉండేవి. చెత్తడబ్బా మూత సరిగా పడకపోయినా వచ్చి చెప్పేవాడు. మిగతావాళ్ళం ఎవరి కిటికీల్లో వాళ్ళం. మాకు ఆ దేవుడితో పరిచయం లేకపోయినా అమ్మ స్నానం చేసి మరీ నిలబడేది. అవ్వ చదువుతూ చదువుతూ ఒకచోట పుస్తకం మూసేది. పెరడంతా నిశ్శబ్దం. నాకు ఆ కాస్త సేపే అన్నిటికన్నా ఇష్టం. ఎందుకు పలకవు, నీకు నోటికి వచ్చు కదా అని ఒకసారి అడిగాను. వచ్చు, కానీ అవి నా మాటలు కావు అంది. నోటికి వచ్చిన ప్రతి మాటా మనది అయిపోదంది.

ఏప్రిల్‌లో మామయ్యకు కరోనా వచ్చింది. గదిలోనే క్వారంటైన్. అమ్మ అన్నం గిన్నె మెట్ల మీద పెట్టి వస్తే, అతను తలుపు తెరిచి దగ్గుతూ, "పప్పు మస్తున్నదక్కా" అనేవాడు. ఆ వారంలోనే మొదటి అంతస్తు పెద్దాయన మాస్కు పెట్టుకుని తలుపు తలుపుకూ తిరిగాడు. అటక గది అద్దె గడువు నెలాఖరుకు తీరుతుందట. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటే దాన్ని పొడిగించనని యజమాని అన్నాడట. దుకాణంలో పనిచేసేవాడు, అందరి మెట్లూ వాడేవాడు, జబ్బు మోసుకొచ్చేవాడు, అని పెద్దాయన చెప్పుకుంటూ వచ్చాడు. సాయంత్రాలు కిటికీల్లో నిలబడి నర్సులకూ దుకాణాలవాళ్ళకూ చప్పట్లు కొట్టిన చేతులు ఆ ఇంటివే. మామయ్య గుమ్మంలో పెట్టిన పిండి పొట్లం విప్పిన చేతులూ అవే. ఆ చప్పట్లు ఎవరికి కొట్టారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మా తలుపు దగ్గర నాన్న నిలబడ్డాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. కాదంటాడనుకున్నాను. సరే అన్నాడు. జర్మన్‌లో ఆయనకు బాగా వచ్చిన మాటల్లో అదొకటి.

తలుపు వేయగానే అమ్మ మండిపడింది. "పిలగాడు ఎటు పోతడు? విమానాలు లెవ్వు. జబ్బుతోని లేచినోనికి గది ఎవడిస్తడు?"

"అందరు సరే అన్నరు. మనమొక్కలమే కాదంటే ఎట్ల?" నాన్న గొంతు తగ్గించాడు. "వీసా అపాయింట్‌మెంట్ ఇంకా దొరకలే. ఈ టైంల ఇంటోల్లతోని లొల్లి మనకెందుకు?"

నాకు ఆ రోజు అన్నం సహించలేదు. మన భాష మాట్లాడే మనిషి, మన ఇంటి అన్నం తిన్న మనిషి. ఎవరో వచ్చి అడిగితే మా నాన్న అతని గదిని సరే అనే ఒక్క మాటతో ఇచ్చేశాడు. ఆ గది ఆయనదైనట్టు! వెళ్ళి అవ్వకు చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె నన్ను ఏడవనిచ్చి, తనను కూడా అడిగారని, ఆదివారం చెబుతానన్నానని, ఇక తన మాట ఒక్కటే మిగిలిందని మాత్రం చెప్పింది. ఆదివారం కిటికీ పూర్తిగా తెరిచి పెట్టుకొమ్మంది.

ఆ ఆదివారం ఎండ బాగా కాసింది. పెద్దాయన కుర్చీ వేసి పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అవ్వ ఎప్పటిలాగే చదివింది. ఎప్పటి చోటికే వచ్చి పుస్తకం మూసింది. మేమంతా ఊరుకున్నాం. పట్టవలసినంత సేపు పట్టింది. ఆమె తర్వాతి ప్రార్థన మొదలుపెట్టలేదు. ఇంకా ఆగింది. కిటికీల్లో మనుషులు కదిలారు. ఎవరో గొంతు సవరించుకున్నారు. పెద్దాయన వంగి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

బాగానే ఉందని అవ్వ అందరికీ వినపడేలా చెప్పింది. ఈ వారం ఈ ఇంట్లో ఒక మాట పలికారు, అది పలికినవాళ్ళలో ఎవరిదీ కాదు, దాన్ని దాటి నేను ముందుకు చదవలేను అంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. ఎవరూ నోరు విప్పలేదు. అంతవరకూ నాకు ఇష్టమైన ఆ నిశ్శబ్దం మొదటిసారి ఊపిరాడనివ్వలేదు. అవ్వ ఊరుకోవడం వేరు, మిగతావాళ్ళు ఊరుకోవడం వేరు. నాకు ఆ తేడా అప్పుడే తెలిసింది. ఇక పట్టలేకపోయాను. పక్కనే నిలబడ్డ నాన్న వైపు తిరిగి, అందరికీ అర్థం కావాలని కావాలనే జర్మన్‌లో అరిచాను. మామయ్య గది గురించి సరే అన్నావు కదా నాన్నా, ఆ మాట నీదా అని.

నాన్న ముఖం వాడిపోయింది. కొడతాడనుకున్నాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. నాన్న తల పైకెత్తి చూశాడు. అటక కిటికీ తెరిచే ఉంది. ఆయన కిటికీ చట్రం పట్టుకుని, వచ్చీ రాని జర్మన్‌లో పెరట్లోకి చెప్పాడు. "నా సరే తప్పు. నాది కాదు. వాపస్." మూడు ముక్కల్లోనూ వ్యాకరణం లేదు. ఎప్పుడూ ఆయన జర్మన్ దిద్దే నేను ఆ రోజు దిద్దలేదు.

తర్వాత రెండో అంతస్తు దంపతులు కూడా అదే అన్నారు, ఇంకాస్త మంచి జర్మన్‌లో. పెద్దాయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆదివారం రాలేదు, కుర్చీ ఆ తర్వాత నాన్నే వేశాడు. అవ్వ పుస్తకం తెరిచి మిగిలిన ప్రార్థన పూర్తిచేసింది.

నాకు ఇంకా కోపం తీరలేదు. మర్నాడు మెట్ల మీద కూర్చుని అవ్వనే నిలదీశాను. అందరూ ఒకే మాట మీద ఉండాలి కదా, నువ్వొక్కదానివి కాదంటే చాలదా, మా నాన్నను అందరి ముందూ నిలబెట్టాలా అని. అవ్వ మాట దాటేయలేదు. నేనొక్కదాన్నే కాదంటే అతని గది అతనికి మిగిలేది, మీరు మాత్రం సరే అన్నవాళ్ళుగానే మిగిలిపోయేవాళ్ళు అంది. తమ ఊళ్ళు ఖాళీ చేయించిన సైనికుల మీద వాళ్ళవాళ్ళకు ఇప్పుడు కోపం లేదట. ఆ తర్వాత వచ్చి పొలాల్లో విత్తనం వేసుకుని, మమ్మల్ని ఎవరూ అడగలేదు కదా, మా తప్పేముంది అన్నవాళ్ళను తలచుకుంటేనే కోపమట. మిమ్మల్ని అడిగారు కదా అంది.

క్వారంటైన్ అయ్యాక మామయ్య కడిగిన గిన్నెతో మా గుమ్మం ముందుకు వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. నాన్న ఎదురుపడి మాట వెతుక్కుంటున్నాడు. మామయ్యే అన్నాడు. "నేను ఆ దినం కిటికీ కాడనే ఉన్న బావా." గిన్నె నాన్న చేతిలో పెట్టాడు. ఏది విన్నాడో, మొదటి సరే కూడా విన్నాడో మేము అడగలేదు. చదువయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాడు. వీసా అపాయింట్‌మెంట్ మాకు దాని వేళకు అదే దొరికింది.

అవ్వ పోయి చాలా ఏళ్ళైంది. మొన్న నేనుండే ఈ ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులు నా బెల్లు కొట్టారు. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలాయనకు మతిమరుపు ఎక్కువైందట. ఆయన్ని ఏదైనా వృద్ధాశ్రమానికి పంపేయాలని అందరూ అనుకున్నారట. అందరూ ఒప్పుకున్నారు, మీ మాట ఒక్కటే మిగిలింది అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. అలాంటివాళ్ళు ఎప్పుడూ మర్యాదగానే ఉంటారు. ఆయన్ని అడిగారా అన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను లోపలి నుంచి కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసుకుని కూర్చున్నాను. ఆయన్ని పిలుచుకు రండి, అంతదాకా ఇక్కడే ఉంటాను అని చెప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాను.