తాత భుజం మీది కాయ

నాగారంలో మా పక్క ప్లాటులో ఇల్లు లేస్తోంది. పొద్దున్నే మేస్త్రీ పైపు పట్టుకుని కొత్త గోడలు తడుపుతుంటే, ఆ తడి వాసన గేటు దాటి, వరండాలో చాయ్ తాగుతున్న నా దాకా వస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, నాకు మళ్ళీ పదకొండేళ్ళు వస్తాయి, నాచారం వస్తుంది, మా తాత కుడి భుజం కళ్ళముందుకొస్తుంది.

ఎనభైల మొదట్లో నాచారం అంటే సగం ఫ్యాక్టరీలు, సగం ద్రాక్షతోటలు. మా నాయిన ఫ్యాక్టరీకి పోయేవాడు, మేం తోటలకు పోయేవాళ్ళం. ఎండలు ముదిరేవేళ ఉప్పల్ వైపు నుంచి గాలి వీస్తే పులిసిన ద్రాక్ష వాసన, ఫ్యాక్టరీల దిక్కు నుంచి వీస్తే మిషన్ల నూనె వాసన, ఆదివారమైతే ఆ రెంటినీ మింగేస్తూ ఇంటింటా మసాలా నూరే వాసన. ఒక్క పూటలో నేను పది కిలోల ద్రాక్ష తిన్న రోజులున్నాయి. పది కాదులెండి, రెండు గుత్తులు. అవీ రాలినవే.

ఆ ఉక్కపోతలో తాత బనీను కూడా లేకుండా వాకిట్లో నులకమంచం మీద కూర్చునేవాడు. కుడి భుజం మీద, మెడకు దగ్గరగా, నిమ్మకాయంత కాయ కాసి ఉండేది. ఏంది తాతా అంటే, "పడుసుతనంల ఆర్ట్స్ కాలేజీ కట్టేకాడ పనిజేసిన బిడ్డా, అప్పటిది" అనేవాడు. ఆయన చెప్పింది అంతే. మిగతాది గల్లీలో నేను చెప్పాను. తార్నాక అవతల యూనివర్సిటీలో, ఆ గులాబిరంగు రాతి భవనం ముందున్న స్తంభాలను ఒంటిభుజం మీద మోసుకొచ్చి నిలబెట్టింది మా తాతేనని.

అందరూ నమ్మారు, మల్లేశ్ తప్ప. గోలీల ఆటలో ఎవరుండాలో ఎవరుండొద్దో తేల్చేది వాడే. "ఆడికే పోయి మీ తాతనే అడుగుదాం. అబద్ధమైతె మల్ల ఆటకు రాకు" అన్నాడు. ఎండాకాలం సెలవుల్లో ఆటలేని బతుకు ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

తాతకు పందెం సంగతి చెప్పలేదు. కాలేజీ చూపించమని మాత్రం బతిమాలాను. ఆదివారం చర్చి కాగానే, తెల్లచొక్కా విప్పకుండానే ఆయన మా ఇద్దరినీ బస్సెక్కించాడు.

దూరం నుంచి గుట్టలా కనబడిన భవనం దగ్గరికి పోయేకొద్దీ ఆకాశాన్ని మూసేసింది. ఎండకు రాయి వెచ్చగా ఉంది, కమాను కింద మాత్రం కుండలో చెయ్యి పెట్టినట్టు చల్లన. మెట్ల కింద తాత చెప్పులు విప్పాడు. మేమూ విప్పాం.

"ఇది చర్చి గాదు గద తాతా?" అన్నాడు మల్లేశ్.

"కట్టేటప్పుడు గూడ కాళ్లకు చెప్పుల్లేవురా."

తాత పైకెక్కి, రెండు రాళ్ళ మధ్య సున్నపు అతుకు మీద బొటనవేలితో నొక్కాడు. వేలు చూసుకున్నాడు. "రాల్తలేదు" అని తనలో తనే అనుకున్నాడు.

మల్లేశ్ ఆగలేదు. "తాతా, గీ స్తంభాలు నువ్వే మోసినవా?"

అవునంటాడని నేను ఊపిరి బిగబట్టాను.

"నేనేడ మోస్త బిడ్డా! రాళ్లు చెక్కెటోళ్లు వేరె, ఎత్తెటోళ్లు వేరె. నేను కావడి మోసిన. రెండు డబ్బాల నీళ్లు. పొద్దుగూకేదాంక సున్నం ఆరకుంట తడిపేది నా పని."

"నీళ్లు వోసిండటరా!" మల్లేశ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

అప్పుడు నేనన్నాను: "మా తాతకు యాది లేదురా. ముసలోడైండు, మతి తప్పింది."

తాత రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆయనకు చెవుడని, వినలేదని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. చెవుడేమీ లేదు. తోటలో కాకి రెక్క కొట్టుకున్నా వినబడేది ఆయనకు.

తాత మెట్లు దిగి చెప్పులు తొడుక్కున్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు నాకే ఇచ్చాడు. మల్లేశ్ నా మాట నమ్మి ఆటకు రానిచ్చాడు. ఆ ఎండాకాలమంతా గోలీలు గెలిచాను. తాత మాత్రం ఎంత ఉక్క పోసినా బనీను వేసుకునే కూర్చున్నాడు. ఆ కాయను మళ్ళీ నేను చూసింది ఆయనకు ఆఖరిసారి స్నానం చేయించినప్పుడే.

తోటలు పోయి చాలా కాలమైంది. ఉప్పల్ మీదుగా మెట్రో పోతోంది. ఫ్యాక్టరీ సైరన్ కూతకు గడియారం సరిచేసుకునేవాళ్ళూ లేరు. నిన్న గోడ దగ్గర నిలబడి మేస్త్రీతో అన్నాను, మా తాత ఆర్ట్స్ కాలేజీకి నీళ్ళు మోశాడని. అతను పైపు పక్కకు తిప్పి నా వైపు చూశాడు.

"అయితె నీళ్లు మంచిగనే వట్టిండు సార్, బిల్డింగు ఇంకా గట్లనే ఉన్నది గద. కావడికి ఎన్ని డబ్బాలు?"

నాలుగు అని నోటిదాకా వచ్చింది.

రెండు అన్నాను.