నాడి బలమైన బిడ్డ

నా మొదటి బిడ్డ ఎనిమిదో నెలలోనే పుట్టాడు. కొల్లేటి ఒడ్డున మా అత్తవారి ఊళ్ళో ఆ రోజుల్లో, అంటే పందొమ్మిది వందల ముప్పైల్లో, ఒక మాట ఉండేది: ఏడో నెలవాడు బతుకుతాడు, ఎనిమిదో నెలవాడు బతకడు. ఈ లెక్క ఎవరు తేల్చారో నాకు తెలియదు. మా అత్తగారు మాత్రం పిల్లవాణ్ణి చూడగానే ఆ మాటే అని, నాకు వినబడేలా నిట్టూర్చింది.

మూడో రోజున వాడి నాడి పట్టుకుంది. నాడి చూడడంలో ఆవిడ ఘటికురాలు. గణపవరం నుంచి కూడా జనం వచ్చి చెయ్యి చాచేవారు. కళ్ళు మూసుకుని చూసి, తెరిచేసరికి ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

“అబ్బో, నాడి ఎలా ఎగురుతోందో చూడండే! వీడు పిల్లాడు కాదు, పిడుగు!”

నిజంగానే ఎగురుతోంది. వాడి అరచేతిలో నా వేలు పెట్టినా తెలిసేది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి, పట్టుకు చూసి, బుగ్గలు నొక్కుకున్నారు.

పిడుగన్నాక మర్యాదలు ఉండాలి కదా. అప్పటిదాకా దూదిలో చుట్టి కుంపటి దగ్గర పెట్టిన బిడ్డని, నెలలు నిండిన పిల్లలకు చేసినట్టే కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, రెక్కలు లాగి, చెంబులతో నీళ్ళు గుమ్మరించడం మొదలుపెట్టింది. స్నానమయ్యాక వాడు డొక్కలు ఎగరేస్తూ రొప్పేవాడు. రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేసేవాడు. నుదుటి నిండా చెమట.

“తాగలేకపోతున్నాడండీ, అత్తయ్యగారూ. ఏలూరు తీసుకెళదామండీ.”

“కడుపు నిండి వదిలేస్తున్నాడే. అంత నాడి ఉన్నవాడికి ఆసుపత్రేవిటి? పురుడు వెళ్ళకుండా గుమ్మం దాటతావా?”

మా ఆయన్ని అడిగాను. “అమ్మకి తెలియదా?” అన్నారు. ఆ ఇంట్లో నా ప్రతి మాటకీ జవాబు అదే.

పురుడు వెళ్ళేసరికి వాడి పొట్ట ఉబ్బింది, పాదాలు చల్లబడ్డాయి, ఒళ్ళు బూడిద రంగుకు తిరిగింది. అప్పుడు గుమ్మం దాటనిచ్చారు. కొల్లేటి మీద పడవలో ఏలూరు చేరేదాకా నేను వాడి పాదాలు నా గుప్పిట్లోనే ఉంచుకున్నాను. వెచ్చబడలేదు.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు చాలాసేపు గుండె విన్నది. తరవాత మాకు అర్థమయ్యేలా చెప్పింది.

“కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి ఊపిరితిత్తులతో పని ఉండదండీ. అందుకని నెత్తురు అటు పోకుండా, గుండె దగ్గర రెండు పెద్ద నాళాల మధ్య ఒక అడ్డదారి ఉంటుంది. పుట్టాక అది మూసుకోవాలి. ముందుగా పుట్టినవాళ్ళకి ఒక్కోసారి మూసుకోదు. ఈ బిడ్డకీ అదేనని నా అనుమానం. మీ చేలో నీళ్ళ బోదెకి గండి పడితే ఏమవుతుందండీ?”

“గండి దగ్గర మడి మునుగుతుందండీ, చివరి మడి ఎండుతుంది,” అన్నారు మా ఆయన.

“ఇదీ అంతే. ఒంటికి పోవలసిన నెత్తురు ఊపిరితిత్తుల మీదకి మళ్ళి ముంచేస్తోంది. పొట్టకీ కాళ్ళకీ చాలడం లేదు. గుండె రెట్టింపు చాకిరీ చేస్తోంది.”

“మరి నాడి అంత బలంగా ఉందేవండీ?” అన్నారాయన.

“అది బలం కాదండీ. గండి పడిందని చెప్పే గుర్తు.”

ఆ దారి మూసే విద్య తమ దగ్గర లేదంది. కొందరికి దానంతటదే మూసుకుంటుందట. అందాకా వెచ్చగా ఉంచి, అలుపు రాకుండా చెంచాతో పాలు పట్టాలట, స్నానాలు పనికిరావట. “ముందే తెచ్చి ఉంటే...” అని నా ముఖం చూసి ఆగిపోయింది. ఆగకుండా ఉంటే బాగుండేది, ఆ మాట మా ఆయన చెవిన పడేది.

మర్నాడు బిడ్డ పోయాడు.

ఇంటికొచ్చాక మా అత్తగారు, “ఎనిమిదో నెలవాడు, నాకు మొదటే తెలుసు,” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, వాళ్ళేమో ఆ నాడి బలాన్ని తలుచుకుని దిష్టి తగిలిందన్నారు. డాక్టరు ఏం చెప్పిందని ఒక్కరూ అడగలేదు. నేను చెప్పబోతే మా ఆయన ఆపారు, అమ్మ బాధపడుతుందట. బిడ్డని పోగొట్టుకున్న నేను ఆవిడ బాధ చూసుకోవాలి.

తరవాత పుట్టినవాడు నెలలు నిండి పుట్టాడు. ఆవిడ ఎప్పటిలాగే వాడి మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవి విరిచింది.

“వీడి నాడి పెద్దాడిలా లేదే అమ్మాయ్. సన్నగా ఉంది.”

“సన్నగానే ఉండనివ్వండి, అత్తయ్యగారూ,” అని ఆవిడ వేళ్ళలోంచి నా బిడ్డ చెయ్యి లాక్కున్నాను.