నీట మునిగిన వ్యాను

పాత కారు కొనడానికి వచ్చినవాళ్లు ముందుగా ఇంజను చూస్తారనుకుంటాం. చూడరు. తలుపు తీసి, తల లోపల పెట్టి, ఒకసారి గాలి పీలుస్తారు. ఆ తర్వాత టైరును కాలితో తంతారు. తన్నితే ఏం తెలుస్తుందో నాకు ఈనాటికీ తెలియదు, తన్నినవాళ్లకూ తెలియదు. వాసన మాత్రం అందరికీ తెలుస్తుంది. సిగరెట్టు కంపు ఉంటే మగవాళ్లు సర్దుకుంటారు, ఆడవాళ్లు సర్దుకోరు. వాంతి కంపు ఉంటే ఇద్దరూ సర్దుకోరు. అందుకని మా యార్డులో పొద్దున్నే అగరుబత్తులు వెలిగించి బండి బండికీ తిప్పేవాళ్లం. దేవుడి పటానికి ఆఖర్న పెట్టేవాళ్లం.

పదిహేడేళ్లు ఒక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేశాను. జిల్లా పేజీలు తగ్గిపోయి, నా వార్తలు నాలుగు వాక్యాలకు కుంచించుకుపోయాక, మా అక్క మొగుడితో కలిసి చీపురుపల్లికీ గరివిడికీ మధ్య రోడ్డు పక్కన పాత కార్ల యార్డు పెట్టాను. "ఆయనకి బండ్లు తెలుసు, నీకు మాటలు తెలుసు, ఇంకేటి కావాల?" అంది అక్క.

చాలానే కావాలని మొదటి నెలలోనే తెలిసింది. ఫోన్లో ఎవరూ బండి ఎలా ఉందని అడగరు, "లాస్ట్ ఎంత?" అని అడుగుతారు. చెబితే నవ్వి పెట్టేస్తారు. నడిపి చూస్తానని ఒకాయన కారు తీసుకెళ్లి, నెల్లిమర్లలో పెళ్లి చూసుకుని, సాయంత్రం తెచ్చి "కిలచ్ గట్టిగుందండి" అని వెళ్లిపోయాడు. సీటు సందుల్లో తలంబ్రాల బియ్యం ఏరుకోవడానికి నాకు గంట పట్టింది. అమ్మడానికి వచ్చేవాళ్లు ఇంకో రకం. ప్రతి కారునూ ఒక డాక్టరే నడిపి ఉంటాడు, అదీ ఆదివారాలే. లారీల దుమ్ముకు పొద్దున కడిగిన బండి మధ్యాహ్నానికి మళ్లీ బూడిద రంగుకొస్తుంది. ఇవన్నీ చూసి చూసి బావ ఒక మాట అనేవాడు: "కొనీవోడు దొంగ, అమ్మీవోడు దొంగ. మనం మజ్జిన కూకున్న పోలీసులంరా."

ఆ ఏడు వానలు తగ్గాక బావ ఒక తెల్ల వ్యాను తెచ్చాడు. పక్కకు జరిపే తలుపులున్న బండి, వెనక సీట్లు తీసేస్తే సరుకు వేసుకోవచ్చు. ఎక్కడిదంటే "కిందనుంచి" అన్నాడు. మా వ్యాపారంలో 'కింద' అంటే ఆ ఏడు వరద వచ్చిన ఊళ్లు. సీట్లు విప్పి రెండు వారాలు రేకుల మీద ఎండబెట్టాం. నేలకు అంటుకున్న మట్టిని మా అక్క వంటింటి అట్లకాడతో గోకాం. సీటు బెల్టులు బావ కొత్తవి వేయించాడు. తెలిసినవాడు బెల్టును చివరిదాకా లాగి, దాని మీద బురద గీత ఉందేమో చూస్తాడు. తర్వాత బొగ్గులు, కర్పూరం, గుడ్డ మూటల్లో కాఫీ పొడి. నెల తిరిగేసరికి వ్యానులోంచి పెళ్లింటి వాసన వచ్చింది.

ఒక మంగళవారం పొద్దెక్కాక ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. పూసపాటిరేగ దిగువన సముద్రం ఒడ్డు పల్లె వాళ్లది. చీపురుపల్లి మార్కెట్టులో చేపలమ్ముతుంది. వెంట ఆవిడ తమ్ముడు, లారీ నడిపినవాడు, మాట తక్కువ. ఎవరూ చెప్పకుండానే గంపను గేటు బయట దించి లోపలికి వచ్చింది.

నన్ను చూసి గుర్తుపట్టింది. మార్కెట్టు షెడ్డులో అరుగుల కోసం ఆడవాళ్లు కొట్టుకున్నప్పుడు నేనే వార్త రాశాను. అక్కడి కట్టుబాటు ఏమిటంటే, అరుగుకు కాగితం ఉండదు, కూర్చున్నవాళ్లదే అరుగు. వరసగా మూడు రోజులు ఎవరూ కూర్చోకపోతే నాలుగో రోజు ముందు వచ్చినవాళ్లది. జ్వరమైనా అంతే, ఇంట్లో చావైనా అంతే. పంపు పక్క అరుగు ఆవిడది. అంతకుముందు వాళ్లమ్మది.

"పాత కండక్టరు బాబు గంప ఎనక పెట్టనిచ్చీవోడు. ఆడు మారిపోనాడు," అంది. "కొత్తోడు, నువ్వెక్కితే బస్సంతా దిగిపోతారు, వద్దు అంతన్నాడు. పోయిన వారం రెండ్రోజులు ఎల్లనేకపోనాను. మూడో రోజు ఆటో కట్టించుకుని ఎల్లేను. అమ్మింది ఆటోకే సరిపోనాది. ఇలగైతే అరుగు పోతాది బాబూ. అరుగు పోతే రోడ్డు మీద కూకోవాల. రోడ్డు మీదకి ఎవులొస్తారు?"

ఆవిడకు అందే ధరలో ఉన్న బండి మా దగ్గర ఒక్కటే, ఆ వ్యాను. బావ తలుపు జరిపి, ఆవిడ ఎక్కబోతుంటే "ఉండమ్మా" అని, ఆఫీసు గదిలోంచి పాలిథిన్ షీటు తెచ్చి సీటు మీద పరిచాడు.

"ఇదేటి?"

"కొత్త కవర్లమ్మా. నలిగిపోతాయి."

"నలుగుతాయా, కంపు కొడతాయా?"

బావ షీటు మూలలు సర్దాడు. ఆవిడ కూర్చోలేదు. వంగి, సీటు కిందకు చెయ్యి పెట్టి, నేలకు పరిచిన చాప మూల ఎత్తి, కింద రేకును వేళ్లతో రాసింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది నీట ములిగిన బండి."

"ఏటమ్మా, ఎవులు సెప్పేరు నీకు?"

"ఒకలు సెప్పాలేటి? సముద్రం నీరైతే ఉప్పు కంపు. ఏరు నీరైతే ఒండ్రు కంపు. ఇది ఊరి మురుగు. పైన మీరు కాపీపొడి ఏసేరు."

అదే సమయానికి గరివిడి నుంచి వచ్చిన దంపతులు పక్కనే ఒక ఎర్ర కారు చూస్తున్నారు. దాదాపు ఖాయం చేసుకునే దశలో ఉన్నారు. ఈ మాట విని ఆయన కారులోంచి తల బయటికి తీశాడు. వ్యానును చూశాడు, తర్వాత మిగతా బండ్లన్నిటినీ వరసగా చూశాడు. బావ ముఖం నల్లబడింది.

ఆవిడ నా వైపు తిరిగింది. "బాబూ, నువ్వు పేపరోడివి కదా. ఆ రోజు మా గొడవ ఉన్నదున్నట్టు రాసేవు. నువ్వు సెప్పు. ములిగిందా, నేదా?"

"గంపైతే గేటు దగ్గర దించేవు గానీ, ముక్కు దించలేదు కదమ్మా," అన్నాను. "నీకు ఎక్కడికెళ్లినా అదే కంపొస్తాది."

గరివిడి ఆయన పకపకా నవ్వాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆవిడ తమ్ముడు నేల చూశాడు. ఆవిడ కోప్పడలేదు, తిట్టలేదు. చీర కుచ్చెళ్లకు వేళ్లు తుడుచుకుని "సరే బాబూ" అంది. వెళ్లి గంప ఎత్తుకుంది. దంపతులు ఎర్ర కారు ఆ పూటే ఖాయం చేసుకున్నారు.

"పేపరోడంటే పేపరోడే," అన్నాడు బావ భోజనాల దగ్గర. "ఒక్క ముక్కలో హెడ్డింగు ఎట్టీసేవు." మా అక్కకు కూడా ఆ మాట చెప్పి నవ్వించాడు. నాకు ఆ మెప్పు బాగానే ఉంది.

ఎనిమిది రోజుల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది. విజయనగరంలో తిరిగిందట, అక్కడి బండ్ల ధరలు అందలేదు. నెల్లిమర్లలో ఒకటి ఉందని వెళితే ముందు రోజే అమ్ముడుపోయింది. అప్పటికి మార్కెట్టుకు వెళ్లక రెండు రోజులు.

"అదే ఇచ్చీండి," అంది వ్యాను వైపు చూడకుండా.

"ములిగిన బండి నీకెందుకమ్మా?" అన్నాడు బావ, నాకు కన్ను గీటి.

"ములిగితే ములిగింది. రేపు తెల్లారీసరికి నేను అరుగు మీదుండాల."

అవసరం అంత స్పష్టంగా చెప్పుకున్న మనిషి దగ్గర ఏ వ్యాపారీ మెత్తబడడు. మేమూ మెత్తబడలేదు. పైగా కాగితం రాయించుకున్నాం.

ఆ కాగితం మా యార్డు పద్ధతి, నేను పెట్టిందే. కొన్నవాళ్లు నెల తర్వాత వచ్చి ఏసీ పనిచేయడం లేదని గొడవ పడకుండా, "స్వయంగా చూసుకుని, నడిపి, తృప్తి చెంది తీసుకున్నాను" అని వాళ్ల చేత సంతకం పెట్టిస్తాం. పత్రికలో నేను నేర్చుకున్న విద్య అది. ఏ మాటైనా మనం అన్నట్టు రాయకూడదు, ఎదుటివాళ్లు అన్నట్టు రాయాలి. అప్పుడు మన మీదకు రాదు. ఆవిడ కాగితంలో ఒక వాక్యం అదనంగా చేర్చాను: "ఈ వాహనంలో నీరు చేరిన గుర్తులు గానీ, ఎటువంటి దుర్వాసన గానీ లేవని నేను నిర్ధారించుకున్నాను." అంతకుముందు ఎవరి కాగితంలోనూ ఆ వాక్యం లేదు. బావ చెప్పలేదు, నాకే తోచింది.

"సదువు బాబూ, ఏటి రాసేవో," అంది. చదివాను. ఆ వాక్యం దగ్గరకు వచ్చేసరికి నా ముఖంలోకి చూసింది.

"అది నేనన్నానా?"

"అన్నట్టే అమ్మా. అందరికీ ఇలాగే రాస్తాం."

పేరు రాయడం వచ్చు ఆవిడకు. నాలుగు అక్షరాలూ విడివిడిగా, ఒక్కోటీ ఒత్తి రాసింది.

వ్యాను ఐదు వారాలు నడిచింది. రెండు మూడుసార్లు పొద్దున్నే మార్కెట్టు వైపు వెళ్లినప్పుడు చూశాను. ముందు అద్దానికి పసుపు బొట్లు పెట్టి, గేటు పక్కన నిలబెట్టి ఉండేది. లోపల పంపు పక్కన ఆవిడ కానాగంత చేపలు వరస పేర్చుకుని, "సూడమ్మా, ఇంకా కళ్లు తెరిసే ఉన్నాయి" అని కేకలు వేస్తుండేది. ఆ గొంతు వింటే బండి బాగానే ఉందని నాకు ధైర్యంగా ఉండేది.

తర్వాత ఒక రోజు తెల్లవారుజామున, చీపురుపల్లి ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుందనగా వ్యాను ఆగిపోయింది. లైట్లు పోయాయి, ఇంజను పోయింది. తమ్ముడు విప్పి చూస్తే తీగలు చిలుము పట్టిన రాగి చెంబులా పచ్చగా ఉన్నాయట. నీరు తాగిన బండి అలాగే చస్తుంది, కొన్నాళ్లు నడిచి, ఒక్కసారిగా. సామాను విశాఖపట్నం నుంచి రావాలి, నాలుగు రోజులన్నాడు మెకానిక్కు. దారిన పోయేవాళ్లకు అడిగినంతకు ఇచ్చేసి, మిగిలిన చేపలు ఎండెక్కాక తుప్పల్లో పారబోశారు. ఉన్నదంతా బండి కొనడానికే పెట్టేశారు, ఆటోకు కూడా చేతిలో మిగల్లేదు. నాలుగో రోజు ఐసుపెట్టెతో వచ్చిన ఒకామె పంపు పక్క అరుగు మీద కూర్చుంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. కట్టుబాటు కట్టుబాటే.

ఐదో రోజు వ్యానును ట్రాక్టరుకు తాడు కట్టి మా యార్డుకు లాక్కొచ్చారు. తమ్ముడు స్టీరింగు దగ్గర, ఆవిడ పక్క సీట్లో. బావ గొడవకు సిద్ధపడి, కాగితం తీసి పట్టుకోమని నాకు సైగ చేశాడు. పట్టుకున్నాను.

"అది సూపించక్కర్నేదు," అంది ఆవిడ. "ఏటి రాసేరో నాకు గురుతే. బాగుసెయ్యమని అడగను. దీన్ని మీరే తీసీసుకోండి. ఎంతో కొంత ఇయ్యండి. ఆ అరుగు మీద కూకున్నదాన్ని బతిమాలుకుంటాను, ఓ మూల నాకు ఒగ్గీమని. వట్టి సేతుల్తో అడిగితే ఒగ్గదు."

బావ వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు జరిపాడు. వంగి, చాప మూల ఎత్తి, ముక్కు చిట్లించాడు.

"ఇది నీట ములిగిన బండమ్మా," అన్నాడు. "దీనికేటొస్తాది?"

నేను కొంచెం నవ్వబోయాను, బావ హాస్యమాడుతున్నాడనుకుని. ఆయన హాస్యమాడడం లేదు. బేరం మొదలుపెట్టాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను చేతిలో కాగితం వైపు చూశాను, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. చివరికి ఇనప సామాను ధర ఖాయమైంది. ఆవిడ బేరమాడలేదు. ఇచ్చినది కొంగున కట్టుకుంది.

ట్రాక్టరు వాడు అప్పటికే వెళ్లిపోయాడు. తమ్ముడు తాడు చుట్టుకుంటున్నాడు. ఆవిడ వ్యానులోంచి గంప, కత్తిపీట, తక్కెడ దించుకుంది.

"బాబూ, సీపురుపల్లి దాకా దింపీయండి. మజ్జానమైతే మార్కెట్టు కడిగీస్తారు, అది ఎల్లిపోతాది. ఇయ్యాలే అడగాల."

యార్డు ముందు ఒక బూడిద రంగు కారు కడిగి నిలబెట్టి ఉంది. గంట కిందటే తుడిచాను. విజయనగరం నుంచి ఒకాయన చూడడానికి వస్తున్నాడు. బావ నా వైపు చూశాడు, నేను ఆ కారు సీట్ల వైపు చూశాను.

"బ్యాటరీ పడిపోయిందమ్మా," అన్నాను.

"అవునమ్మా, పొద్దున్నించీ అంతే," అన్నాడు బావ.

ఆవిడ తల ఊపి, గంప నెత్తికెత్తుకుని బయల్దేరింది. తమ్ముడు తక్కెడ భుజాన వేసుకున్నాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. వాళ్లు ఇంకా కనుచూపు మేరలో ఉండగానే విజయనగరం ఆయన దిగాడు. తలుపు తీసి, తల పెట్టి, గాలి పీల్చి, "స్టార్ట్ చెయ్యండి చూద్దాం" అన్నాడు. చేశాను. తాళం తిప్పగానే అందుకుంది. "పికప్ బాగుందండీ" అని ఆయన మెచ్చుకున్నాడు. ఆ చప్పుడుకు రోడ్డు మీద ఆవిడ ఆగింది. గంప ఉండడంతో తల ఒక్కటే తిప్పలేక మనిషి మొత్తం మా వైపు తిరిగింది. కాసేపు అలా నిలబడి, మళ్లీ నడిచింది.

ఆవిడ చేరేసరికి మార్కెట్టు కడిగేశారట. మర్నాడు అడిగితే ఐసుపెట్టె ఆమె, "మీ అమ్మ కూకుంటే నాకేటి?" అందట. ఇప్పుడు ఆవిడ బస్టాండు గోడ పక్కన, రోడ్డు మీద కూర్చుంటుంది. నేను చేపలు నెల్లిమర్లలో కొంటున్నాను.