ఎద్దు కంటి గడ్డకు నాలుగో కొలత

2002 జూన్‌లో టెక్కలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో గణితం సీనియర్ లెక్చరర్‌గా చేరాను. కణితి ఎలా పెరుగుతుందో సమీకరణాలతో, కంప్యూటర్‌తో ముందే అంచనా కట్టడం నా పరిశోధన. అంతవరకు వాడినవన్నీ విదేశీ పత్రికల్లో అచ్చయిన ఎలుకల కణితుల కొలతలే. అసలు కణితిని కంటితో చూసి ఎరుగను.

నందిగాం వైపు పనిచేసే పశువుల డాక్టరు సూర్యారావు గారు ఆ కొరత తీర్చారు. అప్పలస్వామి అనే రైతు ఎద్దుకు కంటి లోపలి మూలన ఉండే మూడో రెప్ప మీద కేన్సర్ గడ్డ లేచింది. కోసి తీసేస్తే మూడు వారాలు కాడి కట్టకూడదు. అవతల నాట్లకు ముందు పొలం బురద చేసే దమ్ములు మొదలవుతున్నాయి. నాట్లయ్యేదాకా ఆగవచ్చా అని అప్పలస్వామి అడిగాడు. గడ్డ లోపలికి పాకితే కన్నే కాదు, ఎద్దే దక్కదు. అది ఎంత వేగంగా పెరుగుతోందో లెక్క కట్టి చెప్పమని డాక్టరు గారు నన్ను పిలిచారు.

వారానికోసారి కాలిపర్‌తో గడ్డ పొడవు, వెడల్పు కొలిచేవాణ్ని. పొడవును వెడల్పు వర్గంతో గుణించి సగం చేస్తే ఉజ్జాయింపు ఘనపరిమాణం వస్తుంది. నాలుగు కొలతలయ్యాక ప్రోగ్రాం నడిపాను. రేఖ పైకి లేచి చివర చక్కగా వంగింది, అంటే పెరుగుదల నెమ్మదిస్తోందన్నమాట. పుస్తకంలో ఉన్నట్టే వచ్చిందని పొంగిపోయాను. అప్పలస్వామి వాళ్ల కళ్లంలో నిలబడి, ఆగవచ్చని డాక్టరు గారి ముందే చెప్పేశాను.

అప్పలస్వామి భార్య నీలమ్మ ఒప్పుకోలేదు. కొలిచేటప్పుడు ఎద్దు తల పట్టుకునేది ఆవిడే.

“మొన్న మీరు కొలిసినప్పుడు ఎద్దు కన్ను మూసీసినాది బాబూ. మీ కొలిసేది సగం గడ్డనే పట్టినాది. నాను సెప్పబోతే మీరు రాసీసుకున్నారు. తగ్గడమేటి? నీరు కారడం ఎక్కువైపోనాది.”

డాక్టరు గారు కంట్లో మత్తు చుక్కలు వేసి, రెప్ప పూర్తిగా తెరిచి పట్టారు. మళ్లీ కొలిచాను. సాయంత్రం కళాశాలకు వెళ్లి, నాలుగో కొలత తీసేసి, కొత్తది చేర్చి ప్రోగ్రాం నడిపితే వంపు మాయమైంది. రేఖ నిటారుగా పైకి పోయింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, నేను చెప్పింది తప్పని, వెంటనే కోయించమని అప్పలస్వామితో అన్నాను.

“సరే బాబూ, కోసీమనండి. దమ్ముకి మా బావ ఎడ్లు అడుగుతాను” అన్నాడు.

మూడో రోజున డాక్టరు గారు గడ్డ కోసి తీశారు. కన్ను దక్కింది. కోతల నాటికి ఆ ఎద్దు బండి లాగుతోంది.

సమీకరణంలో దోషం లేదు. జవాబు నాకు నచ్చింది కాబట్టే కొలతను అనుమానించలేదు. ఉద్యోగ విరమణ దాకా, ఏ విద్యార్థి గ్రాఫు తెచ్చినా, కొలిచేటప్పుడు పక్కన ఎవరున్నారు, వాళ్లేమన్నారు అని ముందు అడిగేవాణ్ని.