నాలుగు వేళ్ల మేర కోసిన బల్ల

ఫాల్గుణం, ఆదివారం. శామీర్‌పేటలో మా ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, మేడ్చల్‌లో ప్లాట్లు అమ్మే ఆమె తమ్ముడు. అతన్ని ఈ వరుసలో రాయడానికి కూడా నాకు మనసొప్పడం లేదు.

నా భార్యకు నడుము ఆపరేషన్ అయింది. వంగవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె పొడగరి. మా వంటింటి గట్టు ఆమెకు పొట్టి. కూర తరిగినా, పిండి కలిపినా వంగాల్సిందే. అందుకే ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి, మోచేతి ఎత్తు గుర్తు పెట్టుకుని, బల్ల పని మొదలుపెట్టాను. దూలపల్లి దగ్గరి కట్టెకోత మిల్లు నుంచి వేప చెక్క తెచ్చాను. చలికాలమంతా మిద్దె మీద ఆరబెట్టాను. చిత్రిక పట్టాను. కాళ్లకు గాడులు తొలిచి అడ్డబద్దలు దిగగొట్టాను. శనివారం దాని మీదికెక్కి నిలబడ్డాను. కిర్రుమని కూడా అనలేదు.

ఆదివారం వార్నిష్ కొనుక్కుని వచ్చేసరికి నేలంతా రంపపుపొట్టు. బావమరిది చేతిలో కోత మిషను. పక్కన నాలుగు చెక్క ముక్కలు.

"ఏంది రా ఇది?"

"ఆయం జూసిన బావా. పొడువు, ఎడల్పు, ఎత్తు మూడూ గలిపి లెక్కగడితే శ్వానాయం వచ్చింది. ఇంట్ల కుక్క గూసున్నట్టే. కాళ్లు నాలుగు వేళ్లంత కోసిన, ఇగ సింహాయం!"

వాస్తు లెక్కలో ఆయం ఇంటికి చూస్తారు, గదికి చూస్తారు. బల్లకు చూసినవాణ్ణి ఇతన్నే చూశాను.

"మీ అక్క నడుముకు ఏ ఆయం వస్తదో చెప్పు ముందు!"

"మంచికి జేస్తే గిట్ల ఒర్రుతవేంది బావా?"

గొడవ విని నా భార్య వచ్చింది. బల్ల మీద అరచేతులు ఆనించింది. నడుము వంగింది. లోపలికి వెళ్లిపోయింది. నేను అన్నం ముట్టలేదు. బావమరిది మాత్రం రెండుసార్లు పెట్టించుకుని తిని, మా ఇంట్లోనే పడుకున్నాడు.

తెల్లవారి ఆమె అతన్ని లేపి బల్ల ముందు నిలబెట్టింది. గంపెడు ఉల్లిగడ్డలు, కత్తి ముందు పెట్టింది.

"కొయ్యి తమ్మి. కూసోవద్దు."

సగం గంప కాకముందే అతని చెయ్యి నడుము మీదికి పోయింది.

"అక్కా, నడుము గుంజుతాంది."

"గుంజనియ్యి. ఆయం మంచిగున్నది గదా?"

కత్తి కింద పెట్టి బయటికి పోయాడు. చాలాసేపటికి కొత్త కాళ్లకని నాలుగు వేప కర్రలు భుజాన వేసుకుని వచ్చాడు. అవి పచ్చివి, ఇంకా ఆరాలి. బిగించిన అడ్డబద్దలన్నీ విప్పాలి.

"ఎంత ఎత్తు గావాలె బావా?"

నా భార్య పోయి గోడకు ఆని నిలబడి, మోచెయ్యి మడిచింది.

"గీడికి," అంది.