కోసుకుపోయిన అధ్యాయం

కాలేజీ లైబ్రరీలో మెట్లు ఎక్కగానే ఎడమచేతి వైపు ఒక చిన్న కౌంటరు ఉంటుంది. బయట కొనాలంటే గుండె గుభేలుమనే పుస్తకాలన్నీ ఆ కౌంటరు వెనక బీరువాలో తాళం వేసి ఉంటాయి. వాటిని ఇంటికి ఇవ్వరు. కార్డూ ఫోనూ కౌంటర్లో పెట్టి, ఎదురుగా ఉన్న బల్లల దగ్గర రెండు గంటలు చదువుకుని ఇచ్చేయాలి. అక్కడ కూర్చునే ఆవిడని పిల్లలు ‘టైమైందక్క’ అంటారు. రెండు గంటలు నిండగానే చదివేవాళ్ల భుజం దగ్గరికి వచ్చి నిలబడి, గొంతు పెంచకుండా, "టైమైంది" అంటుంది. వాక్యం మధ్యలో ఉన్నానక్కా అన్నా వినదు. మరి వెనకాల వరసలో ఎదురుచూసేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకేం చెప్పాలి అంటుంది.

అది ఫార్మసీ కాలేజీ. మందుల గురించిన పెద్ద పుస్తకం ఒకటుంది, ఎత్తితే చేతులు లాగేస్తాయి. దాని ధర టైమైందక్క జీతంలో సగానికి పైనే. తరగతి మొత్తానికి లైబ్రరీ కొన్నది ఒకే ఒక్క కాపీ. జిరాక్స్ షాపులవాళ్లు ఒకప్పుడు అధ్యాయాలకి అధ్యాయాలు తీసిచ్చేవాళ్లు గానీ, ప్రచురణకర్తల లాయరు నోటీసులు వచ్చాక ఆ పుస్తకం అట్ట చూస్తేనే చేతులెత్తేస్తున్నారు. అందుకని ఆ కాపీని ఆవిడ కంటికి రెప్పలా కాచుకునేది. చెమట చేతులతో పట్టుకుంటే తుడుచుకుని రమ్మనేది.

ఆవిడ కూతురు కూడా అదే కాలేజీలో రెండో సంవత్సరం. ఆ ఏడాది మొదట్లో కూతురు ఆ పుస్తకం కొనిపెట్టమని అడిగింది. తండ్రి లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు, చదువు సంగతులన్నీ భార్యకే వదిలేశాడు. "ఊరందరికీ పుస్తకాలు ఇచ్చేది మీ అమ్మ. నీకు పుస్తకం కొనడమేంటే?" అని తల్లి నవ్వి ఊరుకుంది. కూతురు మళ్లీ మళ్లీ అడిగితే, పాత పుస్తకాల కొట్టులో అంతకు ముందరి ముద్రణ ఒకటి చవకగా తెచ్చి చేతిలో పెట్టింది. అట్ట ఊడిపోయి ఉంటే తనే అంటించింది కూడా.

ఆ పాతదానిలో లేనిది ఒకే ఒక్క అధ్యాయం. కలిపి వాడితే ఒకదానికొకటి పడని మందుల గురించి కొత్త ముద్రణలో చివర చేర్చారు. కొత్త ముద్రణ అమ్ముడుపోవాలంటే ఏదో ఒకటి చేర్చాలి కదా. పాఠం చెప్పే లెక్చరరుకి ఆ అధ్యాయమంటే ప్రాణం. పరీక్షలో పెద్ద ప్రశ్న దాన్నుంచే అని ముందే చెప్పేశాడు. ఇంకేముంది, కౌంటరు ముందు వరస మెట్ల మీదికి పాకింది.

కూతురూ ఆ వరసలోనే నిలబడేది. తన వంతు వచ్చేసరికి లైబ్రరీ మూసే వేళయ్యేది. తల్లి వైపు ఒక చూపు చూసేది. తల్లి ఆ చూపుని చూసీ చూడనట్టు తాళాలు సర్దుకునేది. సొంత కూతురికి ముందు ఇస్తే రేపు ఎవరి మొహం ఎలా చూడాలని ఆవిడ బాధ. ఒక్కసారి మాత్రం కూతురికి వంతు దొరికింది. గంట కూడా కాలేదు, "టైమైంది" అని ఆవిడే వెళ్లి లేపింది.

ఆ మర్నాడు ఎవరో పుస్తకం పట్టుకొచ్చి, అక్కా ఇందులో చివరి అధ్యాయం లేదు అన్నారు. ఆవిడ విప్పి చూసింది. వెన్ను దగ్గర బ్లేడుతో, గీత గీసినట్టు, సాఫీగా కోసేశారు. పన్నెండేళ్లలో తన కౌంటర్లో ఇలాంటిది జరగలేదు.

ముందురోజు ఆ పుస్తకం నలుగురైదుగురి చేతులు మారింది. అందులో తన కూతురు ఉందన్న సంగతి ఆవిడకి తట్టనే లేదు. తట్టింది ఒక కుర్రాడు. అతను మిమిక్రీ బాగా చేస్తాడు. టైమైందక్క నడకా, గొంతూ, కళ్లజోడు ముక్కు మీదికి జారనిచ్చి చూసే చూపూ అచ్చు దింపేస్తాడు. క్యాంటీనులో ఆ నవ్వులు ఆవిడ చెవిన పడుతూనే ఉండేవి. పైగా ఆ రోజు అతని పెన్నుల సంచిలో కొత్త బ్లేడు మెరవడం తన కళ్లతో చూసింది. అదే లైబ్రేరియన్ గారికి చెప్పింది. కుర్రాణ్ణి పిలిచి అడిగితే, నేను కొయ్యలేదు అని ఒక్కమాట అని తలొంచుకున్నాడు. ఎదురు తిరగలేదు, ప్రమాణాలు చేయలేదు. తప్పు చేసినవాడు కాబట్టే నోరు పెగల్లేదని అందరూ అనుకున్నారు. కార్డు తీసేసుకుని, పరీక్షలయ్యేదాకా అతన్ని లైబ్రరీలోకి రానివ్వద్దని చీటీ అంటించారు.

ఇంటికెళ్లి ఆవిడ ఈ సంగతంతా కూతురికి చెప్పింది. దొంగ దొరికాడన్న తృప్తి మాటల్లో దాగలేదు. కూతురు ఆ పూట సరిగా తినలేదు. మర్నాడూ అంతే. జ్వరమేమోనని తల్లి నుదుటి మీద చెయ్యి వేస్తే పక్కకి తిరిగింది. మూడోరోజు సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ, వెనక్కి చూడకుండానే అంది.

"ఆ అబ్బాయి కాదమ్మా."

తల్లికి ముందు అర్థం కాలేదు. కూతురి భుజాలు వణకడం చూశాక అర్థమైంది. కుళాయి అలాగే పోతోంది.

"ఎందుకు చేశావే?" అంది చివరికి.

"నీకు తెలీదా? కొనిపెట్టమంటే నవ్వావు. వరసలో నిలబడితే కళ్లు తిప్పుకున్నావు. ఊళ్లోవాళ్ల పిల్లనైనా బాగుండేది, రెండు గంటలు పూర్తిగా కూర్చోనిచ్చేదానివి."

చెంప మీద కొడదామని లేచిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆ ఒక్క రోజు గంటకే లేపిన మాట నిజం. పక్షపాతం అంటారేమోనన్న భయంతో కూతురి వాటాలోంచి కోత పెట్టింది తనే.

మర్నాడు కూతురు కోసుకొచ్చిన కాగితాలు పట్టుకుని లైబ్రేరియన్ గారి దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. గొడవలంటే గిట్టనివాడు. "చూడమ్మా, ఆడపిల్ల చదువు. కాగితాలు బీరువా వెనక దొరికాయని అందాం. ఆ అబ్బాయి కార్డు వాడికిచ్చేద్దాం. ఎవరికీ నష్టం లేదు" అన్నాడు. ఆవిడకి ఆ మాట వినగానే ఊపిరి తిరిగింది. సరేనంది. ఆ సరేనన్నందుకే తర్వాత ఎన్నాళ్లో తనని తాను తిట్టుకుంది.

నష్టం లేకుండా ఏమీ పోలేదు. కాగితాలు తిరిగి అంటించేసరికి, కార్డు చేతికొచ్చేసరికి ఆ పరీక్ష అయిపోయింది. కుర్రాడు ఆ ఒక్క పేపరూ తప్పాడు. అంతకంటే పాడు సంగతి, ‘బ్లేడు’ అన్న పేరు అతనికి అతుక్కుపోయింది. క్లాసులో, హాస్టల్లో, చివరికి బస్సులో కూడా అదే పిలుపు. కాగితాలు దొరికాయన్న కబురు విన్నా ఎవరూ మనసు మార్చుకోలేదు, భయపడి వాడే బీరువా వెనక పడేసి ఉంటాడన్నారు. అతను మిమిక్రీ మానేశాడు. కౌంటరు దగ్గరికొస్తే చేతులు కట్టుకుని, "ఉందా మేడమ్?" అని అడిగేవాడు. అక్కా అనేవాడు కాదు. క్యాంటీను నవ్వులకి ఒకప్పుడు ఒళ్లు మండిన మనిషికి ఇప్పుడు ఆ మర్యాద ముల్లులా గుచ్చుకునేది.

ఒక మధ్యాహ్నం అతను మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంటే ఆవిడ వెళ్లి రెండు మెట్లు కిందగా కూర్చుంది. మొదలెట్టడం ఎలాగో తెలియక ఒక్కసారిగా చెప్పేసింది. కోసింది మా అమ్మాయి. నీ మీద చెప్పింది నేను. తెలిశాక కూడా నోరు మూసుకున్నాను.

కుర్రాడు కింద వరండాలో వెళ్లేవాళ్ల వైపు చూశాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"ఆ రోజు నేనూ కోద్దామనే బ్లేడు తెచ్చుకున్నానక్కా" అన్నాడు. "చేతులు వణికాయి, మళ్లీ వద్దాంలే అని ఇచ్చేశాను. అందుకే మీరంతా అడిగినప్పుడు గట్టిగా కాదని చెప్పలేకపోయాను. నాకే నేను దొంగలా అనిపించాను."

నేనేం చెయ్యను బాబూ అని ఆవిడ అడిగింది. మీ అమ్మాయిని ఏం చేసుకుంటారో మీ ఇష్టం, నా పేరు మాత్రం నాకు కావాలి, నన్ను దొంగ అంటున్నారని మా అమ్మవాళ్లకి కూడా తెలిసిపోయింది అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కూతురితో ఈ మాట ఎలా చెప్పాలా అని ఆవిడ దారి పొడవునా తంటాలు పడింది. చెప్పాక కూతురు ఏడుస్తుందనుకుంది, ఏడవలేదు. ఎప్పుడు వెళ్దాం అని మాత్రం అడిగింది.

ఇద్దరూ కలిసి ప్రిన్సిపాల్ గది ముందు బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. లోపల కూతురే చెప్పింది, తల్లిని నోరెత్తనివ్వలేదు. వాళ్ల మీద జాలి పడ్డవాళ్లు ఎవరూ లేరు. కూతురికి ఇంటర్నల్ మార్కులు కోసేశారు, ఏడాదిపాటు లైబ్రరీ కార్డు రద్దు చేశారు. కుర్రాడి తప్పేమీ లేదని నోటీసు బోర్డులో పెట్టి, ఆ పేపరు మళ్లీ రాయించారు. ఈసారి అతను గట్టెక్కాడు. ‘బ్లేడు’ పేరు పూర్తిగా పోయిందని చెప్పలేం గానీ, పిలిచేవాళ్లు తగ్గారు. నిజం దాచినందుకు లైబ్రేరియన్ గారికి మందలింపు వచ్చింది. టైమైందక్కని ఆ కౌంటరు నుంచి తీసి కింద పేపర్లు సర్దే చోట వేశారు. ఆవిడ వెళ్లేముందు ఇంకో రెండు కాపీలు కొనమని కమిటీకి అడిగి చూసింది. వచ్చే ఏడు ఇంకో కొత్త ముద్రణ వస్తోందట, ఇప్పుడు ఇది కొనడం దండగ అన్నారు.

తల్లీ కూతుళ్లిద్దరూ ఇప్పటికీ ఒకే బస్సులో కాలేజీకి వెళ్తారు. మొదట్లో వేరువేరు సీట్లలో కూర్చునేవారు. ఈమధ్య పక్కపక్కనే కూర్చుంటున్నారు, మాటలు మాత్రం తక్కువే. మూడో సంవత్సరం మొదలైన వారంలో తల్లి ఉండబట్టలేక, ఈసారి ఏ పుస్తకం కావాలే అని అడిగింది.

కూతురు పేరు చెప్పింది. ఆ పుస్తకం తల్లి వేలసార్లు బీరువాలోంచి తీసి ఇచ్చినదే, ధర అట్ట వెనక ఎక్కడ ఉంటుందో కూడా ఆవిడకి తెలుసు. కొందాం అని చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో స్టాపు రావడంతో ఇద్దరూ దిగడానికి లేచారు.