అన్నం ఉడికేదాకా ఆగిన టవరు

ఒడిశాలో లమ్తపుట్ దగ్గరి కొండ మీద మా కంపెనీ టవరు ఒకటి ఉంది. ఆ కొండ ఎక్కుతూ నేను కార్చిన చెమటతో రాయగడ దగ్గరి కొల్నారలో రెండు మళ్లు వరి పండించవచ్చు. ఆ టవరుకు ఇంటర్నెట్ గాలిలోంచి రెండు దారుల్లో వస్తుంది: కోరాపుట్ నుంచి పెద్ద దారి, రాయగడ వైపు నుంచి కొండకూ కొండకూ గెంతుతూ ఆయాసపడి వచ్చే చిన్న దారి. వాన పట్టి పెద్దది పడిపోతే తీగ పీకి చిన్నదానికి పెట్టాలి, పెద్దది లేచాక తిరిగి దానికి మార్చాలి.

కంపెనీ జీతానికి ఆ పని చేసేది టవరు పక్కింటావిడ. గుణుపురం దగ్గర స్థిరపడిన మా శ్రీకాకుళం వాళ్లింట పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చింది. నాకంటే పెద్దది కనుక, మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేవాణ్ణి.

ఆ మార్పు దానంతటదే జరిగే ఏర్పాటు చెయ్యమన్నాడు మా యజమాని. అది కుదిరితే ఆమె ఉద్యోగం తీసేస్తాననీ చెప్పాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా దారి మార్చే పెట్టెను నేను బిగించడానికి వెళ్లిన రోజు చెంబుడు చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చింది. ఏనుగు తాగినా మిగిలేది, నాకు మిగల్లేదు.

మొదటి వానకే నా పరువు పోయింది. పెద్ద దారి పడిందంటే పెట్టె చిన్నదానికి గెంతేది. పెద్దది రెప్పపాటు లేస్తే మళ్లీ దానికి గెంతేది. గెంతినప్పుడల్లా ఊళ్లో ఫోను మాటలన్నీ తెగేవి. ఒక పెళ్లి సంబంధంలో ‘పిల్ల నచ్చింది గానీ’ వరకే వినబడి, తరవాతిది వానలో కలిసిపోయిందని వినికిడి.

మూడు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్న నాలుగు వెంట్రుకలూ పీక్కుని, చివరికి కొండెక్కాను. నీ చేతిలో ఉన్నప్పుడు ఇన్ని గెంతులు ఎందుకు లేవని ఆమెనే అడిగాను.

“వచ్చిందంటే నిలబడిపోయినట్టేటి బాబూ?” అంది. “నానైతే పెద్దది లేసిన వెంటనే తీగ ముట్టుకోను. పొయ్యి మీద ఎసరు పెడతాను. అన్నం ఉడికీదాకా అది మళ్లీ పడకుండా ఉంటేనే మారుస్తాను. మద్దిలో పడిందా, మళ్లీ ఎసరే.”

తన ఉద్యోగం మింగబోయే పెట్టెకు తానే బుద్ధి చెబుతోందని ఆమెకు తెలియదా? తెలుసు. చెప్పింది.

ఆమె అన్నం ఉడకడానికి అరగంట. అదే పెట్టెకు నేర్పాను: లేచిన దారి అరగంట నిలబడాలి, మధ్యలో తూలితే లెక్క మొదటికి. తరవాతి వానకు పెట్టె గెంతడం మానింది.

యజమాని సంతోషించి, ఇక ఆవిణ్ణి మానిపించెయ్యనా అన్నాడు. పెట్టెకు నేనిచ్చిన తెలివంతా ఆవిడదేననీ, అలాంటివి ఆవిడ దగ్గర ఇంకెన్ని ఉన్నాయో నాకే తెలియదనీ, అవన్నీ నేర్చుకునేదాకా ఉంచమనీ బతిమాలాను. నా జీవితంలో అతిశయోక్తి లేకుండా చెప్పిన మాట అదొక్కటే. ఆయన సరే, అందాకా ఉంచమన్నాడు.

ఆ మాట మోసుకుని కొండెక్కాను. అప్ప విని, చాటలో బియ్యం చెరగడం ఆపకుండానే అంది:

“అలగైతే మిగతావి నీకు సెప్పను లే.”

ఇప్పటిదాకా చెప్పలేదు. నేనూ అడగలేదు.